ఆయన స్థానంలో

2024 సెప్టెంబరు చివర్లో ఒకరోజు పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే మాగుంట పార్వతమ్మగారు పోయారన్న వార్త కనిపించింది. ఆమె ఒంగోలు మాజీ ఎంపీ, కావలి మాజీ ఎమ్మెల్యే. నేను చదివిన వార్తలో ఆ రెండు మాటలూ చివరికి వచ్చాయి. ఆమె ఎవరి భార్యో, ఎవరికి వదినో ముందు చెప్పారు. వంటింటి గడప దగ్గర బియ్యం ఏరుతున్న అమ్మకి చదివి వినిపించాను. అమ్మ చేట పక్కన పెట్టి కాసేపు ఊరుకుంది.

"ఆమెకీ నాకూ ఒక్కసారే వచ్చింది అమ్మాయ్ ఉజ్జోగం" అంది.

నాకు నవ్వొచ్చింది. పెద్ద వ్యాపార కుటుంబం నుంచి ఢిల్లీ వెళ్ళిన ఆమె ఎక్కడ, కనిగిరిలో ఒక ఆఫీసులో బల్లలు తుడిచి, ఫైళ్ళు మోసి రిటైరైన మా అమ్మ ఎక్కడ? కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అమ్మ సామాన్యంగా పోలికలు చెప్పే మనిషి కాదు. ఇద్దరి మధ్యా ఆమెకు కనిపించినదేదో నాకు కనిపించలేదు. దాన్ని వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది.

మాది హనుమంతునిపాడు మండలంలో ఒక చిన్న ఊరు. నీళ్ళలో ఫ్లోరైడు, చేలల్లో కందీ సజ్జా, వానలు లేని ఏడు బెంగుళూరుకో హైదరాబాదుకో మూటాముల్లే. మా నాయన మండల పరిషత్తు బడిలో టీచరు. అంటే నెల మొదట్లో ఖాయంగా డబ్బు కనిపించే కొద్ది ఇళ్ళలో మాదొకటి. 1995 ఆగస్టులో ఆయన కామెర్లతో పోయాడు. అన్నకి అప్పటికి పదహారున్నర, ఇంటరు చదువుతున్నాడు. నేను తొమ్మిదో తరగతి, ఒంగోలులో బి.సి. హాస్టల్లో. నా వెనక చెల్లెలు.

సర్వీసులో ఉండగా పోయిన ఉద్యోగి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇస్తారు. భార్యకి ఇవ్వొచ్చు, బిడ్డకి ఇవ్వొచ్చు. బిడ్డ మైనరైతే, రెండేళ్ళలోపు పద్దెనిమిది నిండేటట్టుంటే ఆగొచ్చు. పెద్దకర్మ నాడే ఈ లెక్కలన్నీ వేశారు. మా చిన్నాయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. "వదినా, ఏడాదిన్నర ఓర్చుకుంటే వాడికి పద్దెనిమిది వస్తయ్యి. ఇంటరు ఉంటది కాబట్టి జూనియర్ అసిస్టెంటు అవుతాడు. నువ్వు తీసుకుంటే ఏడో తరగతికి అటెండరు ఇస్తారు. అన్న పోస్టును అటెండరు చేసుకుంటామా?" అన్నాడు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. జీతం ఎక్కువ, గౌరవం ఎక్కువ, ముప్పై అయిదేళ్ళ పైన సర్వీసు.

అమ్మ పదకొండు రోజుల్నించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆరోజు మాత్రం మాట్లాడింది. "పద్దెనిమిది వానికి ఏడాదిన్నరకొస్తయ్యి. ఆకలి మాకు రేప్పొద్దునకే అయిద్ది."

అంతే. దరఖాస్తు పెట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళే, తమకి అలాంటి కష్టం వస్తే అదే చేసే ఆడవాళ్ళే, "కొడుకు ఉజ్జోగం తినింది" అన్నారు.

ఆ డిసెంబరు ఒకటో తేదీన ఒంగోలులో ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిని పీపుల్స్‌వార్ నక్సలైట్లు కాల్చి చంపారు. మా హాస్టలు గేటుకి తాళం వేశారు. కిటికీల్లోంచి చూస్తే రోడ్డు మీద మనిషి లేడు. తర్వాత చాలా రోజులు ఆ హత్య గురించి పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం విన్నాను. ఎందుకు చంపారో, చంపడం న్యాయమా కాదా, ఆయన మంచివాడా, ఎంతమందికి సాయం చేశాడు, ఎంత సంపాదించాడు. తిట్టినవాళ్ళూ ఏడ్చినవాళ్ళూ అందరూ ఆయన గురించే మాట్లాడారు. ఇంట్లో మిగిలిన మనిషి ఎవరి వాదనలోనూ లేదు. 1996 వేసవిలో మాత్రం ఉన్నట్టుండి ఆమె గోడల మీదికి వచ్చింది. కాంగ్రెసు ఆమెను నిలబెట్టింది, ఒంగోలు ఆమెను గెలిపించింది. ఆ మే నెలలోనే అమ్మకి ఆర్డరు కాగితం వచ్చింది.

ఆ కాగితం నేను చాలాసార్లు చదివాను. దాంట్లో అమ్మ పేరు ఒకసారి ఉంది, నాయన పేరు నాలుగుసార్లు ఉంది. పార్వతమ్మగారికి ఎన్నికల సంఘం ఇచ్చిన ధ్రువపత్రంలో ఆమె పేరే ఉండి ఉంటుంది. కానీ వీధుల్లో ఆ పత్రాన్ని ఎవరూ ఆమె పేరుతో చదవలేదు. "ఆయన స్థానంలో" అనే చదివారు. అమ్మ చూసిన పోలిక ఇదే అయి ఉండాలి. ఇద్దరికీ చోటు వచ్చింది. రెండు చోట్లకీ మధ్యలో మగమనిషి ఆకారంలో ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీ చెరిగిపోకుండా కూర్చోమని ఇద్దరికీ చెప్పారు.

ఇక్కడ ఒక నైతిక ప్రశ్న ఉంది. మనం, అంటే స్త్రీవాదం మాట్లాడేవాళ్ళం, దాన్ని సరిగ్గా పట్టించుకోలేదనుకుంటాను. ఒకరి చావు వల్ల వచ్చిన స్థానం మనదవుతుందా? అయితే ఎప్పుడవుతుంది?

"భర్తల పేరుతో వచ్చే వాళ్ళ వల్ల స్త్రీలకి ఒరిగేదేమీ లేదు" అని నేనే ఎన్నో సభల్లో అన్నాను. తొంభైల చివర్లో, రెండు వేల మొదట్లో మహిళా బిల్లు మీద మాట్లాడినప్పుడల్లా ఈ మాట అనడం మాకొక అలవాటు. భార్యలూ, కూతుళ్ళూ, కోడళ్ళూ వస్తారు, అసలు స్త్రీలు రారు అనేవాళ్ళం. అసలు స్త్రీలు! భార్య కానిది, కూతురు కానిది, ఎవరి ఇంటినుంచీ రానిది, అచ్చంగా ఆకాశం నుంచి దిగినది. మగవాళ్ళలో అలాంటి అసలు మగవాడు కావాలని మనం ఎప్పుడూ అడగలేదు.

ఒంగోలు లెక్కే చూడండి. 1991లో సుబ్బరామిరెడ్డి. 1996లో ఆయన భార్య. 1998లో ఆయన తమ్ముడు శ్రీనివాసులురెడ్డి. ఆ తమ్ముడే 2004, 2009, 2019, 2024లో మళ్ళీ. మధ్యలో పార్టీలు మారాయి. అంటే ఒకే ఇంటికి ఏడుసార్లు. ఇవాళ కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, దర్శి అన్నీ ఆ లోక్‌సభ స్థానంలోనివే. ఈ ఏడింటిలో "సానుభూతి ఓటు" అన్న మాట ఒక్క 1996కే అతుక్కుంది. అన్న పేరుతో వచ్చిన తమ్ముడిని రెండో ఎన్నిక నుంచే నాయకుడు అన్నాం. భర్త పేరుతో వచ్చిన భార్యని చివరి వార్త వరకూ సతీమణి అన్నాం. ఇద్దరూ వచ్చింది ఒకే తలుపు లోంచి.

1998లో ఆమె ఎందుకు పోటీలో లేరో, అది ఆమె ఇష్టమో ఇంటి నిర్ణయమో, ఆమె మనసులో దూరి చెప్పే హక్కు నాకు లేదు. 2004లో ఆమె కావలి నుంచి శాసనసభకు గెలిచిన సంగతి మాత్రం చాలామంది మర్చిపోతారు. భర్త పోయి ఎనిమిదేళ్ళు దాటింది, ఆయన ఖాళీ చేసిన సీటు అది కాదు. అయినా అప్పుడూ ఆమెను పరిచయం చేసిన తీరు మారలేదు.

ఇంకొక చిక్కుముడి ఉంది. దాన్ని దాటేసి పోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. మాగుంట కుటుంబానికి మద్యం వ్యాపారంలో పేరుంది. మా కనిగిరి వైపు నుంచి దక్షిణంగా వెళ్తే నెల్లూరు జిల్లాలో దూబగుంట వస్తుంది. 1992లో అక్కడి ఆడవాళ్ళు, రోశమ్మ ముందుండి, సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధం ఇంకా అమల్లో ఉండగానే 1996లో ఒంగోలు ఓటర్లు పార్వతమ్మగారికి ఓటేశారు. ఆ ఓటర్లలో సగం మంది ఆడవాళ్ళు. సారాకి వ్యతిరేకంగా అరిచిన గొంతులు కొన్నయినా వాళ్ళలో లేకుండా ఉండవు.

చాలాకాలం దీన్ని నేను చైతన్యం లేకపోవడం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేను. తాగి తన్నే మగవాడితో కాపురం చేసిన ఆడది, ఇంట్లో మగవాడిని కాల్చి చంపితే మిగిలిపోయిన ఇంకొక ఆడదాన్ని చూసి ఏమనుకుంటుంది? ఆమె వ్యాపారం లెక్క కడుతుందా, బొట్టు లెక్క కడుతుందా? మన పల్లెల్లో చావింటికి వెళ్ళి పలకరించడం చాలా పెద్ద ధర్మం. పగవాళ్ళింటికయినా వెళ్ళాలి, లోపలికి పోయి ఆడవాళ్ళని పట్టుకుని ఏడవాలి. ఆ ఓటు అలాంటి పలకరింపు. రాజకీయ శాస్త్రం దాన్ని ఓటు కింద తక్కువ చేసి చూస్తుంది, కానీ కులం చూసి వేసేదీ, నోటు తీసుకుని వేసేదీ, "మనవాడు" అని వేసేదీ మాత్రం ఓటే అంటుంది. పలకరింపు వీటికంటే నీచమైన కారణమేమీ కాదు.

కాకపోతే దాని ఖరీదు పుచ్చుకున్నవాళ్ళు కట్టాలి. ఓదార్పుగా వచ్చిన అధికారం ఉన్నన్నాళ్ళూ ఓదార్పు అవసరమైన మనిషిలాగే ఉండాలి. గట్టిగా నవ్వితే, గట్టిగా మాట్లాడితే, రంగు చీర కడితే, సొంత అభిప్రాయం చెబితే, "అప్పుడే మర్చిపోయిందా" అంటారు. అమ్మ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆఫీసులో టీ కాచి ఇచ్చేటప్పుడు ఎవరో జోకు వేస్తే నవ్విందట. సాయంత్రానికి ఆ నవ్వు మా ఊరు చేరింది. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు అమ్మ ఆఫీసులో నవ్వలేదని చెబితే మీరు నమ్మకపోవచ్చు. రిటైరయిన రోజు ఫోటోలో కూడా నవ్వలేదు.

ఇది మా జిల్లాకే పట్టిన తెగులు కాదు. బ్రిటన్ కామన్స్ సభలో కూర్చున్న మొదటి స్త్రీ నాన్సీ ఆస్టర్ 1919లో వచ్చింది భర్త ప్రభువుల సభకి వెళ్తే ఖాళీ అయిన సీట్లోకే. ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే 1960లో వచ్చింది, అంతకు ముందు ఏడు భర్త హత్య కాబట్టి. అమెరికాలో మార్గరెట్ చేజ్ స్మిత్ 1940లో భర్త చనిపోతే ఆయన సీటుకి వచ్చి, 1948లో సెనేట్‌కి తనంతట తాను గెలిచి, 1950లో మెకార్తీ వీరవిహారం చేస్తున్న రోజుల్లో, ఆయన పార్టీలోనే ఉండి ఆయన పద్ధతులకు వ్యతిరేకంగా సభలో లేచి మాట్లాడింది. మన దగ్గర సబితా ఇంద్రారెడ్డి 2000లో భర్త ప్రమాదంలో పోతే చేవెళ్ళ ఉప ఎన్నికలో వచ్చారు, 2009లో ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయ్యారు. మా గిద్దలూరులో 2001లో పిడతల సాయికల్పన వచ్చిందీ అలాగే. 2005లో పరిటాల రవి హత్య తర్వాత వచ్చిన సునీత 2024లో కూడా రాప్తాడులో గెలిచారు.

ఈ పేర్లు ఇలా పేర్చుకుంటూ పోతే "చూశారా, తర్వాత నిరూపించుకున్నారు" అనాలనిపిస్తుంది. నేను ఈ వ్యాసం మొదటి ప్రతిలో అలాగే రాశాను కూడా. రాసి, కొట్టేశాను. నిరూపించుకోవడం అంటే ఏమిటి? నాన్న సీట్లోకి వచ్చి అయిదేళ్ళు సభలో ఆవులించి వెళ్ళిన కొడుకుని ఎవరూ నిరూపించుకోమనలేదు. మార్గరెట్ చేజ్ స్మిత్ ఆ ఒక్క ఉపన్యాసం ఇవ్వకపోతే ఆమె సీటు ఆమెది కాకుండా పోయేదా? అసాధారణమైన పని చేసిన స్త్రీకే స్థానం దక్కుతుందంటే, మామూలుగా బతికే హక్కు మగవాళ్ళకి వదిలేసినట్టే. పార్లమెంటులో కూడా మామూలు ఆడవాళ్ళుండే హక్కు ఉండాలి. సభకి వెళ్ళి, వినీ, చేయెత్తీ, తన ఊరి రోడ్డు గురించి ఒక అర్జీ ఇచ్చీ వచ్చే ఆడవాళ్ళు.

పార్వతమ్మగారు కూర్చున్న పదకొండో లోక్‌సభలో స్త్రీలు నలభై మంది. 543 మందిలో. ఆ సభలోనే 1996 సెప్టెంబరు 12న చట్టసభల్లో మూడో వంతు స్త్రీలకివ్వాలన్న బిల్లు మొదటిసారి పెట్టారు. గీతా ముఖర్జీ కమిటీ దాన్ని పరిశీలించి ఆ డిసెంబరులోనే నివేదిక ఇచ్చింది. మరుసటేడు చివర సభ రద్దయింది, బిల్లూ పోయింది. 2023 సెప్టెంబరులో 106వ సవరణగా గట్టెక్కేసరికి ఇరవై ఏడేళ్ళు. అప్పుడు కూడా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని రాసుకున్నారు. ఘనా 1960లోనే ప్రత్యేక చట్టం చేసి పదిమంది స్త్రీలను తన పార్లమెంటులోకి తెచ్చుకుంది. ఇరవై ఏడేళ్ళపాటు మన సభల్లోకి స్త్రీలు రావడానికి చట్టం తలుపు తెరవకపోతే, తెరిచి ఉన్న తలుపుల్లో చావు ఒకటి. ఆ తలుపు లోంచి వచ్చిన వాళ్ళనే మనం ఎందుకొచ్చారని అడిగాం.

సరే, ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క నా వాదం ఎక్కడ కుంటుతుందో నాకు తెలుసు. ఏ ఇంటి విధవకి సీటు వస్తుంది? మా హనుమంతునిపాడు వైపు ఆడవాళ్ళకి భర్త పోతే ఏం వస్తుంది?

2004లో ప్రభుత్వం 421వ నంబరు జీవోతో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయం ప్రకటించింది. డివిజన్ స్థాయిలో ముగ్గురు అధికారుల కమిటీ వచ్చి, అది నిజంగా వ్యవసాయం వల్ల వచ్చిన చావేనని తేల్చాలి. పాసుపుస్తకం ఉండాలి, అప్పు కాగితాలుండాలి. కౌలుకి చేసుకున్నవాడి పెళ్ళాం ఏం చూపిస్తుంది? మా ఊళ్ళో ఒకామె కమిటీ ముందు నిలబడి, భర్త తాగడని మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి అడిగితే నోరు మూసుకుంది. సాయం రాలేదు. అప్పు మాత్రం ఏ కమిటీ లేకుండా, ఏ కాగితం లేకుండా వారంలో ఆమె పేరుకి మారిపోయింది. అక్కడ మరుదులెవరూ పోటీకి రాలేదు. కొడుక్కి పద్దెనిమిది నిండేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు.

భర్త స్థానంలో కూర్చోబెట్టడానికి మన సమాజం ఎంత ఆలోచిస్తుందో, భర్త అప్పులో కూర్చోబెట్టడానికి అంత తేలిగ్గా ఒప్పుకుంటుంది. పార్వతమ్మగారికీ మా అమ్మకీ పోలిక ఉంటే, అమ్మకీ ఈమెకీ అంతకంటే దగ్గరి పోలిక ఉండాలి. కానీ అమ్మ ఆ పోలిక చెప్పలేదు. నెల జీతం మనిషిని ఎవరి పక్కన నిలబెడుతుందో నేను అక్కడ గమనించాను. అమ్మని తప్పు పట్టడం కాదు. అదే జీతంతో చదువుకుని, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఈ పత్రికకి వ్యాసం రాస్తున్నదాన్ని నేను.

అన్న సంగతి చెప్పకుండా తప్పించుకుంటున్నానని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అన్న ఇంటరు తప్పాడు. నాయన పోయిన ఏడు పరీక్షలు రాసే పిల్లవాడు తప్పడంలో వింత లేదు. మళ్ళీ రాయలేదు. బెంగుళూరు వెళ్ళి ఇళ్ళ కట్టుబడి పనుల్లో చేరాడు, కొన్నాళ్ళకి లారీ ఎక్కాడు. నాలుగేళ్ళు అమ్మతో మాట్లాడలేదు. నా పెళ్ళికి వచ్చి అన్ని పనులూ చేసి, అప్పగింతలప్పుడు ఎవరితోనో అన్నాడు: "ఇది చదివింది నా ఉజ్జోగంతోనే." నేను విన్నానని వాడికి తెలియదు. తెలిసే అన్నాడేమో కూడా.

చాలా ఏళ్ళు ఆ మాటకి నా దగ్గర తయారుగా జవాబుండేది. ఉద్యోగం వాడిది ఎప్పుడయింది, నాయన చొక్కాలాగా కొలత చూసి కుట్టారా, భార్య హక్కు ముందు, కొడుకు హక్కు తర్వాత, ఇలాంటివి. అన్నీ సరయిన మాటలే. కానీ ఏడాదిన్నర ఆగి ఉంటే వాడు గుమాస్తా అయి, ఇవాళ్టికి సూపరింటెండెంటు అయి ఉండేవాడన్నది కూడా నిజం. ఏడాదిన్నర ఆగి ఉంటే నన్ను హాస్టలు నుంచి తీసుకొచ్చి పెళ్ళి చేసేవాళ్ళన్నది ఇంకో నిజం. అమ్మ ఒకరికి అన్యాయం చేయకుండా ఇంకొకరికి న్యాయం చేసే వీలు ఆ రోజు ఆమె చేతుల్లో పెట్టలేదు ఎవరూ. ఆకలికి కొడుకూ కూతురూ తేడా తెలియదు కానీ, ఆ ఆకలి తీరిన పద్ధతి ఒకరిని లారీ ఎక్కించింది, ఒకరిని వేదిక ఎక్కించింది. లాభపడినదాన్ని నేను. నా వాదాలు ఎంత సరయినవో చెప్పడానికి నేను తగిన మనిషిని కాను.

అమ్మ 2019లో రిటైరయింది. ఆఫీసులో చిన్న సభ పెట్టారు. శాలువా, పళ్ళబుట్ట. మాట్లాడిన నలుగురూ నాయన ఎంత మంచి టీచరో చెప్పారు. ఆయన ఆ ఆఫీసులో ఒక్కరోజు కూడా పనిచేయలేదు, వాళ్ళలో ఆయన్ని చూసినవాళ్ళూ లేరు. "భర్త ఆశయాన్ని నిలబెట్టిన ఇల్లాలు" అన్నారు ఒకరు. అటెండరుగా ఫైళ్ళు మోయాలన్నది మా నాయన ఆశయం ఎప్పుడయిందో నాకు అర్థం కాలేదు. అమ్మకి ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో చీకట్లో కూడా తెలుసు. కరెంటు పోయినప్పుడు గుమాస్తాలు ఆమెనే పిలిచేవాళ్ళు. ఆ మాట ఎవరూ చెప్పలేదు. నన్ను కూడా మాట్లాడమన్నారు. నేను లేచి మైకు పట్టుకుని, స్త్రీల గురించి ఇరవై ఏళ్ళుగా రాస్తున్నదాన్ని, మొదటి వాక్యంలోనే "మా నాన్నగారి ఉద్యోగాన్ని..." అన్నాను. నోట్లోంచి వచ్చాక గాని వినపడలేదు. అమ్మ తల వంచుకుని శాలువా అంచు సరిచేసుకుంటోంది.

పార్వతమ్మగారి వార్త చదివిన రోజు నుంచి ఆ వాక్యమే నా వెంటపడుతోంది. పేపరువాడు రాసిన మొదటి వాక్యం కంటే నాది ఏం తక్కువ?

కిందటేడు కనిగిరిలో బ్యాంకుకి అమ్మతో వెళ్ళాను. గ్రాట్యుటీలో మిగిలిన డబ్బు డిపాజిట్టు గడువు తీరింది, మళ్ళీ వేయాలి. ఫారం నేనే నింపుతున్నాను. నామినీ దగ్గర ఆగి ఎవరి పేరు రాయమంటావని అడిగాను. అన్న పేరు చెప్పింది.

"మొత్తమా?"

"మొత్తమే."

నాకు డబ్బు అక్కర్లేదు, అది కాదు. ఇరవై మూడేళ్ళు ఆమె చేసిన చాకిరీకి మిగిలిన డబ్బు అది. పొద్దున తొమ్మిదికి తాళం తీసి సాయంత్రం ఆరుకి తాళం వేసిన డబ్బు.

"అది నీ కష్టార్జితమమ్మా" అన్నాను.

"కష్టం నాదే" అంది అమ్మ. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "కష్టం నేను ఉంచుకున్నాను గదా. వాడిది వాడికిస్తన్నా."

కౌంటరు దగ్గర అమ్మాయి తొందరపెట్టింది, వెనక జనం ఉన్నారు. నేను అన్న పేరు రాసి, అమ్మ సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను.